పుట్టిల్లు మరవని చందమామలు

మన దేశంలో ఇద్దరు కొత్తవాళ్ళు కలుసుకుంటే మొదట అడిగేది పేరు కాదు. "మీదే ఊరు?" అని. రైలు పెట్టెలోనూ అదే ప్రశ్న, పెళ్ళి పందిట్లోనూ అదే ప్రశ్న, ఆస్పత్రి వరండాలో బల్ల మీద పక్కన కూర్చున్నవాళ్ళదీ అదే ప్రశ్న. జవాబు చెప్పగానే అవతలివాళ్ళ ముఖంలో చిన్న లెక్క ఒకటి జరిగిపోతుంది. మనవాళ్ళా, పరాయివాళ్ళా? ఎంత దగ్గర, ఎంత దూరం? కాస్త జరిగి చోటివ్వొచ్చా, అక్కర్లేదా?

మగవాళ్ళకి ఈ ప్రశ్నకి సాధారణంగా ఒకటే జవాబు. ఆడవాళ్ళకి రెండుంటాయి. ఏది చెప్పాలో ఒక్క క్షణం తడుముకోవాలి. మా చెన్నూరు వైపు పల్లెల్లో ఆ తడుములాట కూడా అక్కర్లేదు, జవాబు ఊరే తయారుచేసి పెడుతుంది. కాపురానికి వచ్చిన కోడలిని పేరు పెట్టి పిలవరు, వచ్చిన ఊరు పెట్టి పిలుస్తారు. మంథని నుంచి వస్తే మంథనామె. సిరోంచ నుంచి వస్తే సిరోంచామె. పిల్లలు పుట్టినా, ఆ పిల్లలకి పిల్లలు పుట్టినా, తల ముగ్గుబుట్టయినా పిలుపు మాత్రం మారదు. యాభై ఏళ్ళు ఈ ఊరి నీళ్ళు తాగిన మనిషిని ఈ ఊరే రోజూ ఇంకో ఊరి పేరుతో పిలుస్తుంది. ఇది ఆప్యాయతా? గుర్తుంచుకోవడమా? లేక "నువ్వు ఇక్కడి దానివి కావు సుమా" అని పూటపూటకీ చెప్పడమా?

ఈ సందేహం నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. దానికి కాస్త వెలుతురు ఎక్కడ దొరికిందో చెబితే నవ్వుతారేమో. శనిగ్రహం దగ్గర దొరికింది.

కంగారు పడకండి, జాతకాల జోలికి పోవడం లేదు. నేను చదివింది బి.ఏ. లెక్కల పుస్తకానికి ఇప్పటికీ దూరం నుంచే నమస్కారం. అయినా ఆకాశం కబుర్లు ఎక్కడ కనబడినా చదవకుండా వదలను. 2025 మార్చిలో ఒక వార్త వచ్చింది. శనిగ్రహం చుట్టూ కొత్తగా 128 చంద్రుల్ని ఒక్కసారే లెక్కలో చేర్చారట. వాటితో కలిపి శని చంద్రుల సంఖ్య 274 అయింది. మన భూమికి ఉన్నది ఒక్కగానొక్క చందమామ. దాన్ని చూపించే మనం కొన్ని వందల తరాల పిల్లలకి అన్నం తినిపించాం. శని ఇంట్లో 274! ఏ చంద్రుణ్ణి చూపించి ఏ పిల్లకి ముద్ద పెట్టాలో అక్కడి తల్లులకే తెలియాలి.

ఇంతకీ ఆ 274లోనూ ఇంట్లో పుట్టిన పిల్లలు రెండు డజన్లే. మిగతా 250 బయటినుంచి వచ్చినవీ, అలా వచ్చినవాటి ముక్కలూ.

చంద్రుల్లో రెండు రకాలున్నాయి. మొదటిరకం ఇంటి పిల్లలు. గ్రహం పుట్టినప్పుడు దాని చుట్టూ పళ్ళెంలా పరుచుకుని తిరిగిన వాయువులోంచి, ధూళిలోంచి ముద్దకట్టినవి. గురుగ్రహానికి 1610లో గెలీలియో చూసిన నాలుగు పెద్ద చంద్రులు, శనికి టైటన్ ఈ రకం. గ్రహం ఎటు తిరుగుతుంటే ఇవీ అటే తిరుగుతాయి. దగ్గరగా, గుండ్రటి దారిలో, గ్రహం నడుముకి సరిగ్గా ఎదురుగా, బుద్ధిగా.

రెండోరకం అలా కాదు. ఇవి చాలా చిన్నవి. కొన్ని రెండు మూడు కిలోమీటర్ల బండరాళ్ళు. గ్రహానికి ఎంతో దూరాన, కోడిగుడ్డులా సాగిన దారుల్లో, ఒరిగిపోయి తిరుగుతాయి. టైటన్ శనికి 12 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఈ రెండోరకంలో పెద్దదైన ఫీబీ కోటీ 30 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక్క చుట్టు తిరగడానికి దానికి ఏడాదిన్నర పడుతుంది. అన్నిటికన్నా విడ్డూరం, వీటిలో చాలా భాగం గ్రహం తిరిగే దిక్కుకి ఎదురుదిక్కున తిరుగుతాయి. ఇంట్లో పుట్టిన పిల్ల ఏదీ అలా తిరగదు. అంచేత ఇవి ఎక్కడో పుట్టి, సూర్యుడి చుట్టూ తమ దారిన తాము పోతూ, ఏనాడో ఈ గ్రహం చేతికి చిక్కాయని శాస్త్రజ్ఞుల నిర్ణయం. వీటికి వాళ్ళు పెట్టిన పేరు "క్రమం తప్పిన చంద్రులు".

క్రమం తప్పినవి! ఆ మాట చదవగానే నాకు మా గోదావరి గుర్తొచ్చింది. నాసిక్ దగ్గర కొండల్లో పుట్టి తూర్పు సముద్రం కేసి పోవలసిన నది, మా చెన్నూరు దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. ఐదు క్రోసుల మేర అలా పోతుందని "పంచక్రోశ ఉత్తరవాహిని" అన్నారు పెద్దలు. దారి మార్చిన నది అని ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. పైగా ఇక్కడ మునిగితే ఎక్కువ పుణ్యమని పర్వదినాల్లో బళ్ళు కట్టుకుని వచ్చారు, ఇప్పుడు ఆటోలు కట్టుకుని వస్తున్నారు. నది అందరూ పోయే దిక్కు వదిలి ఇంకో దిక్కున పోతే పుణ్యతీర్థం. కోడలు పోతేనో? ఆ జవాబు మీకు నేను చెప్పాలా?

పేర్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. గురుగ్రహం బయటి చంద్రుల్ని 1904 నుంచి ఒక్కొక్కటే కనిపెడుతూ వచ్చారు గాని, చాలాకాలం వాటికి అంకెలే పేర్లు. 1975లో అంతర్జాతీయ ఖగోళ సంఘం వాళ్ళు సరైన పేర్లు పెట్టారు. పెట్టేటప్పుడు ఒక నియమం పాటించారు. గ్రహంతోపాటు తిరిగేవాటికి చివర "ఆ" చప్పుడు వచ్చేట్టు: హిమాలియా, ఎలారా, లీడా. ఎదురు తిరిగేవాటికి చివర "ఈ" చప్పుడు వచ్చేట్టు: కార్మీ, సినోపీ, అనాంకీ. హిమాలియా అంటే మన హిమాలయం అనుకునేరు, కాదు; గ్రీకు కథల్లో ఒక వనకన్య. పేరు చివరి అక్షరం వింటే చాలు, ఈ పిల్ల మన దారిన నడిచేదా, ఎదురు నడిచేదా తెలిసిపోతుందన్నమాట. మా ఊళ్ళో "సిరోంచామె" అనడానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది? పుట్టుపూర్వోత్తరాలన్నీ పిలుపులోనే పెట్టి చేతికిచ్చేశారు.

సరే, వచ్చినవి అంటున్నారు కదా, ఎక్కడి నుంచి వచ్చాయి? అది తెలుసుకోవాలంటే ఆ రాయి దేనితో తయారైందో చూడాలి. ఈ పని మా ఊరి పిల్లలకి కొత్తేమీ కాదు. ఎండాకాలం గోదావరి ఇసుకలో తిరిగితే నున్నటి నల్లరాళ్ళు, పాలరంగు చారల రాళ్ళు దొరుకుతాయి. మా నేల అడుగున ఉన్నది ఇసుకరాయి, ఆ పొరల మధ్య సింగరేణి వాళ్ళు తవ్వే బొగ్గు. మరి ఈ నల్లరాయి ఎవరిది? అది మహారాష్ట్రలో ఏనాటిదో లావా గడ్డకట్టిన నేలది. నది దాన్ని కొన్ని వందల కిలోమీటర్లు దొర్లించుకుంటూ తెచ్చింది. దారి పొడుగునా మూలలన్నీ అరిగి నున్నబడింది గాని, లోపలి పదార్థం మారలేదు. పగలగొట్టి చూస్తే పుట్టిల్లు పలుకుతుంది.

ఫీబీ విషయంలోనూ అదే చేశారు. దీన్ని 1899లో పికరింగ్ అనే అమెరికన్ కనిపెట్టాడు, అంతకు ముందటి ఏడు పెరూ దేశంలో తీసిన ఫోటో పలకల్లో. కంటితో కాకుండా ఫోటో ద్వారా దొరికిన మొదటి చంద్రుడు ఇదే. (ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఆకాశాన్నంతా అలా ఫోటో పలకల మీద పట్టే ప్రపంచవ్యాప్తమైన పనిలో మన హైదరాబాదు నిజామియా వేధశాల కూడా తన వంతు పలకలు తీసింది. ఈ ముక్క చెప్పకుండా దాటిపోవడానికి నా మనసొప్పలేదు.) నూటయిదేళ్ళ తర్వాత, 2004 జూన్ 11న, కాసినీ అనే వ్యోమనౌక శని ఇంటికి పోతూ, గుమ్మం బయటే ఫీబీని పలకరించింది. సుమారు 2,000 కిలోమీటర్ల దగ్గరగా పోయి ఫోటోలు తీసింది.

ఏం కనబడింది? 213 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న, గుంటలు పడ్డ, బొగ్గులా నల్లటి ముద్ద. గుంటల అంచులు విరిగిన చోట లోపల తెల్లగా మంచు. నీటి మంచుతో పాటు బొగ్గుపులుసు వాయువు గడ్డకట్టిన మంచు, కర్బనపు పదార్థాలు. తూచి చూస్తే శని సొంత చంద్రుల్లో ఆ పాటి చిన్నవాటికన్నా ఫీబీ బరువైనది. నీటితో పోలిస్తే ఒకటిన్నర రెట్ల పైచిలుకు. మంచులో రాయి పాలు ఎక్కువన్నమాట. ఇవన్నీ చూసి, ఇది సూర్యుడికి చాలా దూరంగా, ప్లూటో ఉండే చలిప్రాంతంలో పుట్టి ఉంటుందని కొందరు శాస్త్రజ్ఞులు అన్నారు. ఇంకా దగ్గరి ప్రాంతమే అయి ఉండొచ్చని వాదించేవాళ్ళూ ఉన్నారు. శని ఇంట పుట్టింది కాదన్న విషయంలో మాత్రం పేచీ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం నీళ్ళది. నీళ్ళలో ఉండే హైడ్రోజన్‌లో మామూలుదీ ఉంటుంది, బరువైనదీ కాస్త ఉంటుంది. ఆ రెంటి పాళ్ళు పుట్టిన చోటుని బట్టి మారతాయి. శని వలయాల మంచులోనూ, ఇంటి చంద్రుల మంచులోనూ ఆ పాళ్ళు ఇంచుమించు మన భూమి నీళ్ళలో ఉన్నట్టే ఉన్నాయట. ఫీబీ మంచులో మాత్రం బరువైన హైడ్రోజన్ ఎన్నో రెట్లు ఎక్కువ. చదివి చాలాసేపు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొత్తగా కాపురానికి వచ్చిన ఏ పిల్లనైనా అడగండి. అత్తగారింట అన్నిటికన్నా ముందు తేడా తెలిసేది మనుషుల దగ్గర కాదు, నీళ్ళ దగ్గర. మొదటి గ్లాసు నీళ్ళు నోట్లో పోసుకోగానే ఇది మన బావి కాదని నాలుకకి తెలుస్తుంది. ఎన్ని కోట్ల ఏళ్ళ నుంచి శని చుట్టూ తిరుగుతోందో గాని, ఫీబీ ఒంట్లో ఉన్నది ఇప్పటికీ పుట్టింటి నీళ్ళే.

ఇంతవరకు పుట్టుక సంగతి. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దారిన పోయేది చిక్కింది అంటున్నామే, చిక్కడం అంత తేలికా?

కాదట. ఇక్కడ లెక్క చాలా ఖచ్చితం. మా వైపు వాగు దాటే సైకిలుని ఊహించుకోండి. ఇవతలి ఒడ్డు మీంచి సర్రున దిగుతుంది. దిగిన వేగంతోనే అవతలి ఒడ్డు ఎక్కేస్తుంది. పల్లం దాన్ని లాగిందన్నది నిజమే, కాని లాగినంత మాత్రాన ఆగిపోదు. దిగేటప్పుడు ఎంత వేగం ఇచ్చిందో ఎక్కేటప్పుడు అంతే తీసుకుంటుంది. మొదట్లో సొంత వేగం ఏదైతే ఉందో అది మిగిలే ఉంటుంది. దాంతో తన దారిన తను వెళ్ళిపోతుంది. వాగు అడుగున ఇసుక ఉండి చక్రం కూరుకుపోతేనో, బ్రేకు పడితేనో తప్ప నిలవదు. గ్రహాల దగ్గరా అంతే. ఎంత పెద్ద గ్రహమైనా తన లాగుడు ఒక్కదానితో దారిన పోయేదాన్ని శాశ్వతంగా ఉంచుకోలేదు. వచ్చినది తన వేగంలో కొంత పోగొట్టుకోవాలి. పోగొట్టుకున్నదే నిలుస్తుంది.

ఎలా పోగొట్టుకుంది అన్నదాని మీద మూడు నాలుగు ఊహలున్నాయి. గ్రహం పసితనంలో దాని చుట్టూ దట్టంగా వాయువు ఉండేది, అందులోంచి దూసుకుపోతూ వేగం తగ్గి చిక్కిందని ఒక ఊహ. పెద్ద గ్రహాలు ఒకప్పుడు ఇప్పుడున్న చోట్ల లేవు, ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతున్నప్పుడు ఆ తొక్కిసలాటలో కొన్ని రాళ్ళు చిక్కాయని ఇంకో ఊహ. మూడోది కాస్త బాధగా ఉంటుంది. జంటగా తిరిగే రెండు రాళ్ళు వచ్చాయి, అందులో ఒకటి తోడుని వదులుకుని ఇక్కడ నిలిచిపోయింది, రెండోది ఆ వేగమంతా పుచ్చుకుని ఎటో ఎగిరిపోయింది.

ఏమీ పోగొట్టుకోకుండా కొన్నాళ్ళు ఉండి వెళ్ళేవీ ఉంటాయి. గురుడి చుట్టూ అలా కొన్ని దశాబ్దాలు తిరిగిన ఒక తోకచుక్క, షూమేకర్-లెవీ అంటారు, 1992లో గురుడికి మరీ దగ్గరగా పోయి ముక్కలైంది. 1994 జూలైలో ఆ ముక్కలన్నీ గురుడిలోనే పడిపోయాయి. కాబట్టి చిక్కిన ప్రతిదీ కాపురం చేస్తుందనీ లేదు.

మా అత్తమ్మ సిరోంచామె. ప్రాణహిత అవతలి ఒడ్డు, మహారాష్ట్ర. అక్కడా మన తెలుగువాళ్ళే ఎక్కువ. పదహారో ఏట ఈ ఇంటికి వచ్చింది. రొట్టెని చివరిదాకా "భాకరి" అనే అనేది. ఎవరన్నా నవ్వితే తనూ నవ్వేది. పెళ్ళయిన నాలుగో ఏడు శ్రావణంలో వాళ్ళ నాయన పోయాడని కబురొచ్చింది. ప్రాణహిత నిండుగా ఉంది. అప్పటికి వంతెన లేదు. పడవవాళ్ళు పడవలు ఒడ్డుకి లాగి కట్టేశారు. అర్జునగుట్ట రేవు దగ్గర మూడు రోజులు కూచుని చూసి తిరిగొచ్చిందట. నది తగ్గి ఆమె అవతలికి చేరేసరికి పదకొండు రోజులు దాటిపోయాయి. ఈ సంగతి నాకు చెప్పింది ఒకే ఒక్కసారి, చింతపండు గింజలు తీస్తూ. చెప్పి ఇంకో మాట అంది.

"నేనేడ పుట్టిన్నో ఊరందరికి ఎరుకనే బిడ్డా. దినాం పిలుస్తరు గదా. ఏం ఇడిసిపెట్టి వచ్చినవమ్మా అని మాత్రం ఒక్కలు అడగలే."

ఆమె మాటలో ఉన్నది ఫిర్యాదు కాదు. ఎవరి మీదా కోపం లేదు. ఒక లెక్క తేలకుండా మిగిలిపోయిందన్న సంగతి, అంతే. శాస్త్రజ్ఞుడు రాయిని చూడగానే రెండు ప్రశ్నలు వేస్తాడు: ఎక్కడి నుంచి వచ్చింది, ఏం పోగొట్టుకుని నిలిచింది? రెండో ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఆ రాయి కథ పూర్తి కాలేదనే అంటాడు. మనం మనుషుల దగ్గర మొదటి ప్రశ్నతోనే సరిపెట్టుకుంటున్నాం.

ఇక్కడ ఆపి, వచ్చినవాళ్ళనందరినీ కడుపులో పెట్టుకోవాలని నీతి చెప్పి ముగిస్తే తేలికగా ఉండేది. కాని నెప్ట్యూన్ దగ్గర ట్రైటన్ అనే చంద్రుడు ఉన్నాడు, అతను ఒప్పుకోడు. 1846లో కనిపెట్టిన ఈ ట్రైటన్ అడ్డుకొలత 2,700 కిలోమీటర్లు. అంత పెద్దదీ ఎదురుదిక్కునే తిరుగుతుంది. అంటే ఇదీ బయటినుంచి వచ్చినదే. జంటని వదులుకుని చిక్కిందన్న ఊహ 2006లో ముఖ్యంగా దీని గురించే చెప్పారు. అయితే ఇంత పెద్దది ఇంట్లో దిగినప్పుడు ఏమై ఉంటుంది? నెప్ట్యూన్‌కి అంతకు ముందు పుట్టిన సొంత చంద్రులు ఉండే ఉంటాయి. ట్రైటన్ రాకతో అవి ఒకదానికొకటి తగిలి నుగ్గయ్యాయనీ, కొన్ని బయటికి పోయాయనీ అంటారు. వచ్చినవాడు పోగొట్టుకున్నాడు, నిజమే. ఇంట్లోవాళ్ళూ పోగొట్టుకున్నారు.

తెలంగాణ మనిషికి ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. హైదరాబాదు రాజ్యంలో 1919లో ముల్కీ నిబంధనలు పెట్టారు. సర్కారు నౌకరీ కావాలంటే ఇక్కడ పుట్టి ఉండాలి, లేదా పదిహేనేళ్ళు ఇక్కడే స్థిరంగా ఉండాలి. ఉంటే చాలదు. మునుపటి ఊరికి తిరిగి పోయే ఉద్దేశం వదులుకున్నానని మెజిస్ట్రేటు సంతకంతో అఫిడవిట్ ఇవ్వాలి. ఆ నిబంధనలు అమలు కావడం లేదని 1952లో విద్యార్థులు వీధిలోకి వచ్చారు. 1969లో తెలంగాణ అంతా కదిలింది. పోలీసు కాల్పుల్లో పిల్లలు పోయారు. 1972లో ఆ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది, 1973లో వాటిని రద్దు చేశారు. ఆ పోరాటాల వెనక ఉన్నదంతా పరాయివాళ్ళ మీద ద్వేషమని ఎవరైనా అంటే అది అన్యాయం. ఇంటి పిల్ల కూచోవలసిన పీట మీద ఇంకొకరు కూచున్నప్పుడు ఆ పిల్ల అడగడం తప్పు కాదు. వచ్చింది చిన్న రాయా, ట్రైటనా అన్నది ఇంటివాళ్ళు చూసుకోవలసిందే.

కాని ఆ నిబంధనల్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ముల్కీ అయినవాడి భార్య కూడా ముల్కీయే. ఆమెకి పదిహేనేళ్ళు అక్కర్లేదు, అఫిడవిట్ అక్కర్లేదు. చదవగానే ఎంత ఉదారంగా ఉందీ అనిపిస్తుంది. ఇంకొకసారి చదవండి. మగవాడు పుట్టిన ఊరిని వదులుకోవడం మెజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి రాయవలసినంత పెద్ద సంగతి. ఆడది వదులుకోవడం రాయనక్కర్లేనంత మామూలు సంగతి. అఫిడవిట్ అడగకపోవడం గౌరవం కాదు. అడగడానికి అక్కడేదో ఉందని తోచకపోవడం.

మా చెన్నూరులో అగస్త్యేశ్వరాలయం ఉంది. అగస్త్యుడు ఎవరు? ఉత్తరాది నుంచి వింధ్య దాటి వచ్చిన మహర్షి. నేను తిరిగి వచ్చేదాకా ఇలాగే వంగి ఉండమని కొండతో చెప్పి, తిరిగి పోకుండా దక్షిణాదిలోనే ఉండిపోయాడు. పదిహేనేళ్ళు గడిచాయా అని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయన పేరుతోనే దేవుణ్ణి నిలబెట్టుకున్నాం. ఆయన వెనక లోపాముద్ర కూడా వచ్చింది కదా, విదర్భ రాజు కూతురు. ఆ విదర్భ ఎక్కడో లేదు, మా ప్రాణహితకి ఎగువనే. ఆమె ఏం వదిలిపెట్టి వచ్చిందో మనకి కథల్లో తెలుసు: పట్టుబట్టలు, నగలు, రాజుగారి ఇల్లు. ఆ లెక్క రాసిపెట్టారు గనకే ఆమె మనకి వట్టి భార్యగా కాకుండా ఒక మనిషిగా గుర్తుండిపోయింది.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపేస్తాను. బయటినుంచి వచ్చినది ఊరికే చుట్టూ తిరిగిపోదు, ఇంటి రంగు మార్చేస్తుంది. శనికి ఐపెటస్ అనే ఇంటి చంద్రుడు ఉంది. దీన్ని 1671లో చూసిన కాసినీకి (వ్యోమనౌకకి పెట్టింది ఈయన పేరే) ఒక వింత కనబడింది. ఇది శనికి ఒకవైపు ఉన్నప్పుడు కనిపిస్తుంది, రెండోవైపు పోతే మాయమైపోతుంది. కారణం, దానికి ఒక ముఖం మంచులా తెలుపు, ఒక ముఖం తారులా నలుపు. ఆ నలుపు ఎక్కడిదో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2009లో శనికి చాలా దూరాన, ఫీబీ తిరిగే చోట, కంటికి ఆననంత పల్చటి పెద్ద ధూళి వలయం ఒకటి బయటపడింది. ఆ ధూళి ఫీబీది. రాళ్ళు తగిలినప్పుడల్లా ఫీబీ నుంచి రాలి, ఎదురుదిక్కున తిరుగుతూ మెల్లగా లోపలికి జారి, వచ్చేపోయే ఐపెటస్ ముఖాన పడుతోంది. నల్లబడ్డ వైపు ఎండకి ఎక్కువ వేడెక్కి, అక్కడి మంచు ఆవిరై తెల్లటి వైపుకి చేరింది. నలుపు మరింత నలుపైంది, తెలుపు మరింత తెలుపైంది. ఇంటి పిల్ల ముఖానికి ఆ రంగు వలస వచ్చిన రాయి పుణ్యం.

మా ఊరి మాట వినండి, తెలుస్తుంది. ఒక్క వాక్యంలో ఉర్దూ ఒక ముక్క, మరాఠీ ఒక ముక్క, అడుగున గట్టి తెలుగు. మా ఇంట్లో నా పిల్లలు రొట్టెని "భాకరి" అంటారు. వాళ్ళు పుట్టింది చెన్నూరులో. సిరోంచ చూసింది రెండుసార్లు. ఆ మాట వాళ్ళ నోట్లోకి ఎక్కడినుంచి రాలిందో వాళ్ళకి తెలియదు. తెలిస్తే బాగుండునని నాకుంది.

అందుకే ఇప్పుడు నాకు "సిరోంచామె" అన్న పిలుపు మీద మునుపున్న అనుమానం లేదు. పుట్టిల్లు పిలుపులో ఉండడం తప్పు కాదు. రాయిలో పుట్టిల్లు ఉంటుంది, నీళ్ళలో పుట్టిల్లు ఉంటుంది, మనిషిలో ఉండదా? దాన్ని చెరిపేసి "నువ్వు అచ్చం మా దానివి" అనడం కన్నా, ఉన్నది ఉన్నట్టు పిలవడమే నయం. తప్పు ఎక్కడ వస్తుందంటే, ఆ పిలుపుతో లెక్క తీరిపోయిందనుకోవడంలో. దేనితో తయారైందన్నది వచ్చిన దారి చెబుతుంది. ఎవరిదన్నది తిరిగే దారి చెబుతుంది. ఫీబీ శనిలో పుట్టలేదు, కాని శనిని తప్ప దేన్నీ చుట్టడం లేదు. ఈ రెండూ నిజాలే. ఒకటి చూపించి రెండోది కాదనడమే మనం మనుషులకి చేస్తున్న అన్యాయం.

ఎదురు తిరిగేవాటి గురించి ఒక మాట మిగిలిపోయింది. అంత దూరాన తిరిగే చంద్రుల్ని సూర్యుడు కూడా తన వైపు లాగుతుంటాడు. ఆ లాగుడుకి తట్టుకుని, మరింత దూరంలో కూడా పడిపోకుండా నిలవగలిగేవి ఏవో తెలుసా? గ్రహంతో పాటు తిరిగేవి కాదు. ఎదురుదిక్కున తిరిగేవి. అత్తగారూ కోడలూ ఇద్దరూ ఈ వాక్యాన్ని రెండోసారి చదువుకోవచ్చు.

ఈసారి ఎవరినైనా "మీదే ఊరు?" అని అడిగినప్పుడు, జవాబు వినగానే లెక్క వేయడం మొదలుపెట్టకండి. కాస్త చోటిచ్చి, కూచోబెట్టి, రెండో ప్రశ్న కూడా అడగండి. ఆ జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఏదైనా పని ఉంటే పక్కన పెట్టుకుని వినండి.